గోడ, గుండు, మోకాలు

రైఫిల్ ఎత్తి నిలబడినవాడు తాను కదలడం లేదనే అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే అతని ఒంట్లో నాలుగు కదలికలు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తుంటాయి. నిలబడ్డ ఒళ్ళు పాదాల మీద ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగుతుంది, ఒక్కో ఊపుకు సెకను పైనే పడుతుంది. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 సార్లు రొమ్మును లేపి దించుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ అదురు భుజం దాకా, అక్కడి నుంచి రైఫిల్ బట్ దాకా పాకుతుంది. వీటన్నిటికీ తోడు చేతి కండరాల్లో సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నటి వణుకు ఉంటుంది. అది పిరికితనం వల్ల వచ్చేది కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషికీ ఉంటుంది, భయపడితే పెరుగుతుంది.

ఈ నాలుగింటిలో మన చెప్పుచేతల్లో ఉండేది ఊపిరి ఒక్కటే, అదీ కొన్ని సెకన్ల సేపే. మిగతా మూడింటినీ తగ్గించాలంటే ఒంటిని, రైఫిల్‌ను దేనికైనా ఆనించాలి. రాయచోటి చుట్టుపక్కల వానకు కరువుగానీ ఆనుకోవడానికి రాతికి కరువు లేదు. చేను గట్టున నడుం ఎత్తు గుండు, పడిపోయిన రాతిగోడ, వేపమాను, చెరువుకట్ట వాలు, కళ్ళంలో శెనక్కాయల మూట, ఏదైనా ఊతమే. కాకపోతే ఒక్కో ఊతం కొన్ని కదలికలనే చంపుతుంది. ఏది దేన్ని చంపుతుందో తెలిసినవాడు చోటు చూసిన వెంటనే కుదురుకుంటాడు. తెలియనివాడు చోటు వెతుక్కోవడంలోనే సమయం పోగొట్టుకుని, ఆఖర్లో ట్రిగ్గర్ దగ్గర తొందరపడతాడు. వేగంగా, గురి తప్పకుండా కాల్చడమనే విద్యలో వేగమంతా ఆనుకునే పద్ధతిలోనే ఉందని, వేలిలో లేదని చెప్పడానికే ఈ అధ్యాయం.

దీన్ని కళ్ళతో చూడటానికి తుపాకీ అక్కరలేదు. సంతలో దొరికే చిన్న లేజర్ లైటును ఒక రోకలి చివర రబ్బరు బ్యాండ్లతో కట్టండి. రోకలి బరువు ఇంచుమించు ఒక చిన్న రైఫిల్ బరువే. సాయంత్రం నీడ పడ్డాక పది మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద సుద్దముక్కతో రూపాయి బిళ్ళంత సున్నా గీసి, లేజర్ చుక్కను అందులో నిలపండి. లైటు ఎవరి కళ్ళలోనూ పడకుండా చూసుకోవాలి, గోడకూ మీకూ మధ్య పిల్లలు తిరగకూడదు.

నిలబడి పట్టుకుంటే చుక్క సున్నాలో ఉండదు. పెద్ద పెద్ద మెలికలు తిరుగుతుంది, ఆ మెలికల మీద సన్నగా అదురుతుంది. మెలిక ఒంటి ఊపుది, అదురు కండరాలది. ఇప్పుడు వేపమానుకు ఎడమ భుజం, ముంజేయి ఆనించండి. పక్కలకు పోయే మెలికలు ఒక్కసారిగా చిన్నవవుతాయి. కిందికీ పైకీ పోయే కదలిక మాత్రం ఊపిరితో పాటు సాగుతూనే ఉంటుంది. నిలువు మాను పక్క ఊపును ఆపగలదే తప్ప బరువును మోయలేదు కదా. తర్వాత నేల మీద పడుకుని రోకలి ముందు భాగాన్ని శెనక్కాయల మూట మీద పెట్టండి. చుక్క దాదాపు ఆగిపోతుంది. అప్పుడు జాగ్రత్తగా చూస్తే, అంతవరకూ కనపడని చిన్న కుదుపు ఒకటి లయగా కనిపిస్తుంది. అది మీ నాడి. పెద్ద కదలికలు పోయాకే గుండె బయటపడుతుంది.

ఎందుకింత తేడా వస్తుందో లెక్క కట్టి చూద్దాం. రైఫిల్ ముందు భాగం ఒక రాయి మీద స్థిరంగా ఉందనుకుందాం. ఆ రాయికీ భుజానికి ఆనిన బట్‌కూ మధ్య దూరం 70 సెంటీమీటర్లు. బట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల అవతల గురి 71 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. ఆ వలయాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటేయడానికి బట్ దగ్గర 0.15 మిల్లీమీటర్ల కదలిక చాలు, అంటే రెండు వెంట్రుకల మందం. ముందువైపు మూట పెట్టి అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్ళు ఓడిపోయేది ఈ రెండు వెంట్రుకల దగ్గరే.

ఊతం విలువ ఎంతో ఒక ఆట తన నిబంధనల్లోనే రాసి పెట్టింది. బయాథ్లాన్ అని మంచు దేశాల్లో ఒక పోటీ ఉంది. మంచు మీద స్కీలతో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తి, రొప్పుతూ వచ్చి, 50 మీటర్ల దూరంలో ఉన్న ఐదు గుర్తుల్ని వెంటవెంటనే కాల్చాలి. నిలబడి కాల్చే వంతులో గుర్తు వెడల్పు 115 మిల్లీమీటర్లు, పడుకుని కాల్చే వంతులో 45. అదే మనిషి, అదే రైఫిల్, అదే రొప్పు. నేలకు ఆనుకున్నావు కాబట్టి రెండున్నర రెట్లు చిన్న గుర్తును కొట్టు అంటుంది ఆట. ఊతం తీసుకోవడం చేతకానితనమనీ, నిలబడి కాల్చేవాడే మగాడనీ మన వైపు ఒక మాట వినపడుతుంటుంది. లెక్క తెలిసినవాళ్ళు ఆ మాట అనరు.

నిజానికి నిలబడి కాల్చే మేటి ఆటగాళ్ళు కూడా ఊతం మీదే కాలుస్తారు, ఆ ఊతం వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అర్హత పోటీలో 600కు 600 సాధించాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే పోటీలో కాంస్యం తెచ్చాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఇదే పోటీలో స్వర్ణం గెలిచిన ధనుష్ శ్రీకాంత్ కూడా హైదరాబాద్ కుర్రాడే. ఈ పోటీలో కాల్చేవాళ్ళ ఎడమచేతిని చూడండి. మోచేయి గాలిలో ఉండదు, తుంటి ఎముక మీద గానీ దాన్ని ఆనుకున్న పక్కటెముకల మీద గానీ కూర్చుని ఉంటుంది. నడుం కొద్దిగా వెనక్కి వంగి, రైఫిల్ బరువు అరచేతి నుంచి ముంజేతి ఎముకలోకి, దాని నుంచి తుంటిలోకి, కాలి ఎముకల మీదుగా నేలలోకి దిగుతుంది. నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండవచ్చు. ఆ బరువును కండరాలతో మోస్తే నిమిషంలో చెయ్యి వణుకుతుంది. ఎముకకు అలసట లేదు, వణుకూ లేదు. పల్లెలో దొరికిన గోడను ఆనుకున్నా పాటించాల్సింది ఇదే పద్ధతి. బరువు ఎముక దారిన నేలకు చేరాలి, కండరాలు ఖాళీగా ఉండాలి.

ఇక్కడో చిన్న మెలకువ ఉంది. కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద పెట్టేటప్పుడు కొత్తవాళ్ళు మోచేతి మొనను తెచ్చి మోకాటి చిప్ప మీద నిలబెడతారు. గుండ్రటి ఎముక మీద గుండ్రటి ఎముక నిలవదు, జారుతుంది. మోచేతికి అంగుళం పైన జబ్బ వెనక ఉండే చదును భాగాన్ని మోకాటి చిప్పకు అవతలగా ఆనిస్తే మెత్తటి కండ రెండు ఎముకల మధ్య ఇరుక్కుని పట్టు దొరుకుతుంది. ఈ ఒక్క మార్పుతో లేజర్ చుక్క ఊగు ఎంత చిన్నదవుతుందో ఎవరికి వారు చూసుకోవచ్చు.

గట్టి ఊతం, మెత్తటి ఊతం మధ్య కూడా తేడా ఉంది. రైఫిల్ బ్యారెల్‌ను నేరుగా గుండు మీద పెట్టి కాలిస్తే తూటా అనుకున్న చోటికి పోదు. మందు అంటుకున్న క్షణం నుంచి తూటా బయటపడే దాకా పట్టేది సెకనులో వెయ్యో వంతులు మాత్రమే. ఆ కొద్ది కాలంలోనే బ్యారెల్ కంపిస్తుంది, రైఫిల్ వెనక్కి తన్నడం మొదలవుతుంది. రాయి ఆ కంపనాన్ని ఒకవైపు నుంచి అడ్డుకుని బ్యారెల్‌ను ఎదురుగా తోసేస్తుంది. అందుకే ఎప్పుడూ బ్యారెల్ కింది చెక్క భాగాన్నే ఆనించాలి. చెక్కకూ రాతికీ మధ్య ఒక ఇసుక సంచో, మడిచిన తువ్వాలో, అదీ లేకపోతే అరచెయ్యో ఉండాలి. ఇసుక సంచి గుణం ఏమిటంటే ఒత్తినప్పుడు రేణువులు జరిగి చెక్క ఆకారానికి ఒదుగుతాయి, ఒదిగాక ఒకదానికొకటి బిగుసుకుని నిలబడతాయి. కదలిక శక్తి ఆ రేణువుల రాపిడిలో ఖర్చయిపోతుంది. దూదిమూట ఒదుగుతుంది గానీ బిగుసుకోదు. రాయి బిగువుగా ఉంటుంది గానీ ఒదగదు. శెనక్కాయల మూట ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. బాగా దట్టించిన మూటైతే గొలగొలలాడే మూటకన్నా మేలు.

ముందువైపు ఒకటే ఊతం చాలదని ఇందాక అన్నాను. మూడు రాళ్ళ పొయ్యి ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగకుండా కూర్చుంటుంది, నాలుగో రాయి పెడితే ఊగుతుంది. తుపాకీ పట్టిన ఒంటికీ అలాంటి మూడు ఆనికలే కావాలి: రైఫిల్ ముందు భాగం ఒకచోట, ట్రిగ్గర్ నొక్కే చేతి మోచేయి ఒకచోట, ఒంటి బరువు ఒకచోట. నడుం ఎత్తు గోడ దొరికినప్పుడు చాలామంది రైఫిల్‌ను గోడ మీద పెట్టి తాము గోడకు అడుగు దూరంలో వంగి నిలబడతారు. ముందు ఆనిక దొరికింది, కుడి మోచేయి గాలిలో ఉంది, ఒళ్ళు ఇంకా ఊగుతూనే ఉంది. ఒక మోకాలు కింద పెట్టి, రొమ్మును గోడకు తాకించి, కుడి మోచేతిని లేచి ఉన్న మోకాలి మీదికో, పక్కనున్న రాయి మీదికో దించితే అదే గోడ దగ్గర గురి నిలుస్తుంది.

ఈ సంగతి పాతకాలం వాళ్ళకు సగం తెలుసు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో యూరపు సిపాయిలు బరువైన మస్కెట్లను పంగల కర్ర మీద ఆనించి కాల్చేవారు. అది ముందు ఆనిక మాత్రమే. మన కోటలు కట్టినవాళ్ళు ఇంకొంచెం ముందుకు పోయారు. రాయచోటి నుంచి చిన్నమండెం మీదుగా మదనపల్లె పోయే దారిలో గుర్రంకొండ ఉంది. మూడో మైసూరు యుద్ధంలో, 1791లో, నిజాం సేనలు ముట్టడించిన కోట అది. పెన్న ఒడ్డున గండికోట, సిద్ధవటం ఉన్నాయి. ఆ కాలపు కోటల్లో గోడల మీది పిట్టగోడల్లో తుపాకీ దూర్చే కంతలు కనపడతాయి. మనిషికి అడ్డుగా ఉండటమే వాటి పని అనుకుంటాం. నిజానికి కంత అంచు తుపాకీకి ఊతం, ముందున్న గోడ రొమ్ముకు ఊతం. అప్పటి తుపాకీలే ఆ ఊతానికి తగినవి కావు. లోపల మరలు లేని నున్నటి గొట్టం నుంచి వచ్చే గుండు గాలిలో స్థిరంగా తిరగదు, ఎంత నిబ్బరంగా కాల్చినా ఎటో పోతుంది. ఈ రోజు మన పల్లెల్లో అడవిపందుల పేరు చెప్పి దాచుకునే నాటు తుపాకులదీ అదే నున్నటి గొట్టం. పైగా ఎప్పుడు పగిలి చేతిలో పేలుతుందో తెలియదు. లైసెన్సు లేకుండా దాన్ని ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, దానితో అడవి జంతువును కొడితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంకో నేరం. ఇక్కడ చెప్పే విద్య దానికి అతకదు, దానితో ఎవరూ నేర్చుకోకూడదు.

ఇక వేగం మాటకొద్దాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ఒక సూత్రం ఇచ్చాడు. చేతిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోయి ఒక గుర్తు మీద ఉంచాలంటే పట్టే సమయం రెండింటి మీద ఆధారపడుతుంది. దూరం పెరిగితే సమయం పెరుగుతుంది, గుర్తు చిన్నదైతే సమయం పెరుగుతుంది. చెయ్యి ఎంత చురుకైనదైనా దీన్ని తప్పించుకోలేదు. రైఫిల్ విషయంలో దీనర్థం ఏమిటంటే, గురిని చేతులతో తోసి గుర్తు మీదికి తెచ్చేవాడు ప్రతిసారీ ఆ సమయం చెల్లించాల్సిందే. ఒంటినే గుర్తు వైపు తిప్పి కూర్చున్నవాడికి చేతులు తోయాల్సిన దూరం ఉండదు.

ఒళ్ళు అలా గుర్తు వైపు తిరిగిందో లేదో తెలుసుకోవడానికో పరీక్ష ఉంది. ఊతం మీద కుదురుకున్నాక కళ్ళు మూసుకుని ఒకసారి ఊపిరి తీసి వదిలి, కండరాలన్నీ వదులు చేసి కళ్ళు తెరవాలి. గురి గుర్తు మీదే ఉంటే సరే. పక్కకు పోయి ఉంటే రైఫిల్‌ను చేత్తో లాగకూడదు, తుంటినో మోకాలినో జరపాలి. చేత్తో లాగిపెట్టిన గురి ట్రిగ్గర్ నొక్కగానే తన సహజమైన చోటికి తిరిగిపోతుంది. తూటా కూడా దానితోనే పోతుంది. మొదట్లో ఈ పరీక్షకు చాలా సమయం పడుతుంది. సాధన చేసేకొద్దీ ఒళ్ళు ముందే తెలుసుకుని సరైన కోణంలో వాలుతుంది. అమెరికాలో అడ్డుకంచెలు, గుంజలు, ఇంటి కప్పుల మీద నుంచి కాల్చే రైఫిల్ పోటీలు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. ఒకటిన్నర, రెండు నిమిషాల గడువులో చోట్లు మారుతూ పదిదాకా తూటాలు కాల్చాలి. ఆ గడువులో ఎక్కువ భాగం ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట కుదురుకోవడానికే పోతుంది. తూటాకు తూటాకు మధ్య వేలిని తొందరపెట్టి మిగుల్చుకునేది చాలా కొంచెం.

ఇంకో సంగతి: కదలిక పూర్తిగా ఆగే దాకా చూస్తూ కూర్చోకూడదు. గుర్తు ఎంత ఉందో, మన ఊగు ఎంత ఉందో పోల్చుకోవాలి. ఊగు గుర్తులోపలే ఉంటే కాల్చవచ్చు. ఊపిరి వదిలాక మళ్ళీ తీసుకునే ముందు సహజంగానే రెండు మూడు సెకన్ల విరామం ఉంటుంది. దాన్ని ఏడెనిమిది సెకన్లకు పొడిగించవచ్చు. అంతకు మించి బిగబడితే చూపు మసకబారుతుంది, వణుకు పెరుగుతుంది. ఆ విరామంలో కుదరకపోతే వదిలేసి మళ్ళీ ఊపిరి తీసుకోవడమే మేలు. బయాథ్లాన్ క్రీడాకారుల మీద 2007లో పరిశోధన ప్రచురించిన జోన్ వికర్స్ అనే శాస్త్రవేత్త, ఆటగాళ్ళ చివరి చూపును నిశ్శబ్ద చూపు అని పిలిచింది. కదలడానికి ముందు చూపు గుర్తు మీద ఎంతసేపు నిలిచిందన్నదే నైపుణ్యానికి మంచి కొలమానమని ఆమె చెబుతుంది. ఆనుకునేటప్పుడు కూడా చూపు గుర్తును వదలకూడదు. చేతులు రాయిని వెతుక్కోవాలి, కళ్ళు వెతకకూడదు.

గుండె సంగతి మిగిలింది. రెండు కొట్టుకునే దెబ్బల మధ్య ఉండే నిశ్శబ్దంలో ట్రిగ్గర్ నొక్కడం మేటి షూటర్లకు తెలియకుండానే అలవాటవుతుందని కొన్ని పరిశోధనల్లో కనపడింది, కొత్తవాళ్ళు ఎక్కడపడితే అక్కడ నొక్కుతారు. గుండె వేగాన్ని, వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులు షూటింగ్‌లో నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ కిమ్ జాంగ్ సు ప్రొప్రానొలాల్ వాడినట్టు తేలి రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు. బట్ మరీ గట్టిగా భుజానికి అదుముకున్నా, పడుకున్నప్పుడు పొట్ట నేలకు అదిమినా నాడి రైఫిల్‌లోకి ఎక్కువగా దిగుతుంది. కుడికాలు కొద్దిగా ముడిచి పడుకుంటే పొట్ట నేల నుంచి లేస్తుంది, కుదుపు తగ్గుతుంది. పాతకాలపు శిక్షకులు చెప్పే ఈ చిట్కాకు కారణం అదే.

రాయచోటిలో సాధన చేసేవాళ్ళకు హైదరాబాద్ ఏసీ హాల్లో లేని సమస్య ఒకటుంది, ఎండ. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట గుండు మీద చెయ్యి పెట్టలేం. దాని మీది గాలి వేడెక్కి పలచబడి పైకి లేస్తుంటుంది. వేడి గాలికీ దాని పక్క చల్ల గాలికీ సాంద్రతలో తేడా ఉండటంతో కాంతి వంగుతుంది. దూరాన ఉన్న గుర్తు అలల్లో ఆడుతున్నట్టు కనిపిస్తుంది, ఒక్కోసారి ఉన్న చోటి నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. మీరు నిశ్చలంగా ఉన్నారు, రైఫిల్ నిశ్చలంగా ఉంది, గుర్తు బొమ్మే అబద్ధం చెబుతోంది. నేలకు ఎంత దగ్గరగా చూస్తే అంత ఎక్కువ ఆట. ఇక్కడ పడుకుని కాల్చడం అనే మంచి ఊతం కాస్తా నష్టం తెస్తుంది. గోడ ఎత్తున మోకాలి మీద కూర్చుంటే ఊతం కొంచెం తగ్గినా చూపు మెరుగవుతుంది. గుండు మీద తడి గోనెసంచి వేస్తే దాని మీది గాలి చల్లబడుతుంది, మెత్తటి ఊతంగానూ అది పనికొస్తుంది. పొద్దున తొమ్మిది లోపు ఈ బాధ తక్కువ. ఆ అలలు ఎటువైపు వాలి పోతున్నాయో చూసి గాలి దిశ కూడా తెలుసుకోవచ్చు. నిలువుగా పైకే లేస్తుంటే పక్క గాలి లేనట్టు.

మన వైపు పిల్లలకు నిజమైన రైఫిల్ చేతికి వచ్చే దారి ఎన్‌సీసీ. 1948 చట్టంతో మొదలైన ఈ సంస్థ శిబిరాల్లో క్యాడెట్లు 25 మీటర్ల రేంజిలో పాయింట్ 22 రైఫిల్‌తో, ఎక్కువగా పడుకుని, కాలుస్తారు. తూటాలు కొన్నే దొరుకుతాయి. ఆ కొద్ది తూటాలకే మొదటిసారి గురి, ఊపిరి, ట్రిగ్గర్ అన్నీ ఒకేసారి నేర్పాలని చూడటం పిల్లలకు చేసే అన్యాయమని నా నమ్మకం. తూటా లేకుండా నేర్చుకోగలిగింది చాలా ఉంది. ఖాళీ రైఫిల్‌ను అధికారి తనిఖీ చేశాక బ్యారెల్ చివర రూపాయి బిళ్ళ పెట్టి ట్రిగ్గర్ నొక్కించే పాత అలవాటు ఉంది. బిళ్ళ పడకపోతే వేలు సరిగ్గా పనిచేసినట్టు. ఆ బిళ్ళ పరీక్షనే మూట మీద, గోడ మీద, మోకాలి మీద చేయించాలి. పది అడుగుల దూరం నడిచి వచ్చి, విజిల్ వేశాక ఆనుకుని, కళ్ళు మూసి తెరిచి, బిళ్ళ పడకుండా నొక్కడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూసి రాసుకోవాలి. మొదట సమయం మీద ఏ ఒత్తిడీ పెట్టకూడదు. బిళ్ళ వరుసగా నిలబడటం మొదలయ్యాకే సెకన్లు తగ్గించమని చెప్పాలి. బిళ్ళ మళ్ళీ పడటం మొదలైన సెకను ఏదో అదే ఆ క్యాడెట్ ప్రస్తుత వేగం.

ఇలా నెలరోజులు చేశాక రేంజికి తీసుకుపోయి ఐదేసి తూటాలు ఇవ్వాలి. మూట మీద నుంచి ఒక కాగితం, గోడ మీద నుంచి ఒకటి, మోకాలి మీద నుంచి ఒకటి. ప్రతి కాగితం మీద అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలిచి, పక్కన ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. ఆ దూరం అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన కాగితం ఏ ఊతానిదో, వచ్చే నెలంతా సాధన ఆ ఊతం మీదే.